కొట్టువాణ్ణి పొడిచిన రోగ్‌ని ఏం చేయాలి?

తమ్ముడూ,

నువ్వు కథ నడిపిస్తుంటే నలుగురు ప్లేయర్లు తలా ఒక క్యారెక్టర్‌ని ఆడే మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, రోగ్ (దొంగ క్యారెక్టర్) బేరం కుదరక కొట్టువాణ్ణి పొడిచేశాడు, మిగతా ముగ్గురూ ముఖాలు మాడ్చుకున్నారు, వచ్చే శనివారం ఆట ఎలా నడపాలని అడిగావు. ఇరవైమంది కాపలావాళ్ళను పంపి వాణ్ణి చంపించాలన్న ఆలోచన ముందు మానుకో. ప్లేయర్ మీద కోపం క్యారెక్టర్ మీద తీర్చుకుంటే, వాడు కొత్త క్యారెక్టర్ వివరాల షీట్ రాసుకొచ్చి మళ్ళీ అదే చేస్తాడు, ఈసారి పంతంతో.

శనివారం లోపు ఆ ప్లేయర్‌కి ఒక్కడికే ఫోన్ చెయ్యి. ఎందుకు చంపావని నిలదీయకు, ఆ సీన్లో నీకేం కావాలనిపించిందని అడుగు. బోర్ కొట్టిందంటే బేరం సీన్‌ని నువ్వు సాగదీశావన్నమాట. డబ్బు చాలట్లేదంటే నువ్విచ్చే బంగారం లెక్క చూసుకో. "నా క్యారెక్టర్ అలాంటివాడే" అన్నాడా, అదీ చిక్కు. అలా రాసింది వాడే కాబట్టి, మిగతా ముగ్గురూ వాణ్ణి వెంట తిప్పుకోవడానికి కారణం కూడా వాడే రాయాలి. రాయలేకపోతే ఆ రోగ్ ఎన్‌పీసీగా, అంటే నువ్వే ఆడించే పాత్రగా, నీ చేతికొస్తాడు, ప్లేయర్ ఇంకొకణ్ణి తయారుచేసుకుంటాడు. మెత్తగానే చెప్పు, కానీ వెనక్కి తగ్గకు.

తర్వాత అందరితో ఒక పావుగంట కూర్చో. ఆటలో అసలే రాకూడనివి, జరిగినా వర్ణించకూడనివి విడివిడిగా రాసుకోండి. లైంగిక హింస, పిల్లల మీద హింస మొదటి పట్టీలోకి పోతాయి. బందీని హింసించడం లాంటిది రెండో దాంట్లో పెట్టి, "తెల్లారేసరికి వాడు నోరు విప్పాడు" అని దాటేయొచ్చు. టేబుల్ మధ్యలో ఎక్స్ కార్డ్ (X అని రాసిన కార్డు) ఒకటి ఉంచు. ఎవరు తాకినా ఆ సీన్ అక్కడితో సరి, కారణం అడగకూడదు. తోటి క్యారెక్టర్ సంచి కొట్టేయాలంటే, పోగొట్టుకునే ప్లేయర్ ఒప్పుకున్నాకే డైస్ వెయ్యాలి.

ఆటలో అన్నిటికన్నా పనికొచ్చేది, డైస్ పడకముందు ఒక్క క్షణం ఆపడం. ఐదో ఎడిషన్‌లో సామాన్యుడికి ఉండేవి 4 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 10. "ఒక్క పోటుకే చచ్చిపోతాడు, వెనక గదిలో వాడి భార్య ఉంది, కానిస్తావా?" అని అడుగు. నీ ఊహలో ఉన్న గది ప్లేయర్ ఊహలో ఉండదు, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. చేతికందే దూరంలో కొట్టి హిట్ పాయింట్లు సున్నాకి తెచ్చినప్పుడు, చంపకుండా స్పృహ మాత్రమే తప్పించవచ్చని కూడా గుర్తుచెయ్యి.

కానిచ్చేశాక ఊరు తన శక్తి కొద్దీ స్పందించాలి. శవాన్ని మాట్లాడించే స్పీక్ విత్ డెడ్ మూడో లెవెల్ మంత్రం, అది ఐదో లెవెల్‌కి వచ్చిన క్లెరిక్‌కి (మంత్రాలు తెలిసిన పూజారికి) అందుతుంది. అలాంటి క్లెరిక్ ఉన్న గుడి ఊళ్ళో ఉంటే శవాన్నే ఐదు ప్రశ్నలు అడగొచ్చు. శవానికి నోరు లేకపోతే మంత్రం పారదు. ఆ సంగతి తెలిసి శవం తల దాచినవాడికి దాని ఫలితం దక్కనివ్వు. పల్లెలో అంత క్లెరిక్ ఉండడు. అక్కడ సాక్షులుంటారు, అప్పులవాళ్ళుంటారు, ధరలు పెరుగుతాయి, సత్రంలో గది దొరకదు. ఇవన్నీ నలుగురి నెత్తినా పడితే ఏ పాపం ఎరగని ముగ్గురికి శిక్షవుతుంది కాబట్టి, వాళ్ళకో దారి ఉంచు: రోగ్‌ని అప్పగించడం, పరిహారం కట్టడం, విడిపోవడం.

అలైన్‌మెంట్ (క్యారెక్టర్ మంచివాడా చెడ్డవాడా అన్న ముద్ర) గొడవలోకి దిగకు. 1978 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దానికి తొమ్మిది గడులు ఇచ్చింది, అప్పట్లో గడి మారితే లెవెల్ పోయేది. 2014 నాటి ఐదో ఎడిషన్‌కి వచ్చేసరికి దాని బరువు దాదాపు పోయింది. డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ మంత్రం కూడా ఫీండ్లు (పిశాచాలు), అన్‌డెడ్ (చచ్చి లేచినవి) లాంటి జాతుల్ని పట్టిస్తుందే తప్ప చెడ్డ మనిషిని కాదు. ఎటొచ్చీ మీ పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ యోధుడు) సంగతి వేరు. ప్రమాణం తప్పి పశ్చాత్తాపం కూడా లేకపోతే వాడి క్లాస్ (క్యారెక్టర్ వృత్తి) మార్చించే హక్కు నీకుంది, ప్రమాణం తప్పిన పాలడిన్ల ఓత్‌బ్రేకర్ దారీ ఉంది.

శనివారం హత్య జరిగిన మరుక్షణం నుంచే మొదలుపెట్టు. శవం బల్ల వెనక ఉంది, వీధి తలుపు ఎవరో తడుతున్నారు. ఏం చేస్తారని ముందు ఆ ముగ్గుర్నీ అడుగు, రోగ్‌ని చివర్న అడుగు.

అన్న