హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని హైదరాబాద్ తూఫాన్స్‌ను మన జట్టు అని ఎందుకు అనుకోవాలి?

మీ ప్రశ్న ఇది: 2024–25 హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. కానీ ఆ జట్టు హైదరాబాద్‌లో ఒక్కసారీ ఆడలేదు, పేరున్న ఆటగాళ్లలో తెలుగువాళ్లు లేరు. పేరు తప్ప అందులో మనది ఏముంది?

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. జిల్లా స్థాయి వరకు ఫుల్‌బ్యాక్‌గా ఆడాను. పదకొండేళ్లుగా ఉద్యోగరీత్యా ఒడిశాలోని రూర్కెలాలో ఉంటున్నాను. ఉక్కు కర్మాగారం వల్ల ఇక్కడ తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఆ లీగ్‌లో పురుషుల మ్యాచ్‌లు ఎక్కువగా మా ఊళ్లోనే జరిగాయి కాబట్టి, ఇక్కడ తూఫాన్స్ ఆడిన మ్యాచ్‌లలో రెండు తప్ప మిగిలినవన్నీ స్టేడియంలో కూర్చుని చూశాను. మీ బాధ నాకూ ఉంది. అయినా ఆ జట్టు మనదే అంటాను. ఎందుకో చెబుతాను.

మా ఊరి బిర్సా ముండా స్టేడియంలో ఇరవై వేల మంది కూర్చోవచ్చు. 2023 ప్రపంచకప్ కోసం కట్టారు. ఆ సీజన్‌లో ప్రవేశం ఉచితం. నేను మొదటిసారి వెళ్లిన రోజు రాత్రి చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మ్యాచ్‌కు ముందు టర్ఫ్‌ను నీళ్లతో తడుపుతుంటే ఆ తుంపర దీపాల వెలుగులో పొగమంచులో కలిసిపోయింది. హైదరాబాద్ పేరు పలికేవాడిని నేనొక్కడినే ఉంటానని అనుకుని వెళ్లాను. తీరా చూస్తే నా వెనక వరుసలో పది పన్నెండేళ్ల పిల్లలు తూఫాన్స్ దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. వాళ్లు అరుస్తున్నది శిలానంద్ లాక్రా కోసం. అతనిది ఈ సుందర్‌గఢ్ జిల్లానే. మేకపోతును బహుమతిగా పెట్టి ఊరూరా హాకీ పోటీలు ఆడే నేల ఇది. ఆ పిల్లలకు హైదరాబాద్ ఎక్కడుందో తెలుసో లేదో కానీ, ఆ సాయంత్రం మేమంతా ఒకే పక్షం.

ఇక జట్టు సంగతి. 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం జరిగింది. పురుషుల జట్లు ఎనిమిది. ఒక్కో జట్టు చేతిలో 4 కోట్ల రూపాయలు, తీసుకోవలసింది 24 మందిని. అందులో విదేశీయులు ఎనిమిది మంది, మిగిలిన పదహారు మంది మనవాళ్లు, ఆ పదహారు మందిలో నలుగురు తప్పనిసరిగా జూనియర్లు. అత్యధిక ధర 78 లక్షలు పలికింది హర్మన్‌ప్రీత్ సింగ్‌కు. అతన్ని సూర్మా హాకీ క్లబ్ తీసుకుంది. తూఫాన్స్ తమ సొమ్ములో పెద్ద ముక్కను గొంజాలో పీలాట్ మీద పెట్టింది. కెప్టెన్సీ సుమిత్‌కు ఇచ్చింది. నెదర్లాండ్స్ నుంచి పాషా గడెమాన్‌ను కోచ్‌గా తెచ్చుకుంది. నడిమి వరుసలో ఇంగ్లండ్ ఆటగాడు జాకరీ వాలెస్, మణిపూర్‌కు చెందిన నీలకంఠ శర్మ ఉన్నారు.

పీలాట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనా బంగారు పతకం గెలిచినప్పుడు 11 గోల్స్‌తో అందరికంటే ముందున్నది అతనే. తర్వాత జర్మనీకి మారాడు. 2023 ప్రపంచకప్ సెమీఫైనల్లో, ఇదే రాష్ట్రంలోని భువనేశ్వర్‌లోనే, ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ చేశాడు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మనం జర్మనీ చేతిలో 3–2తో ఓడిపోయామే, ఆ మూడింటిలో ఒకటి కూడా అతనిదే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. సుమిత్ ఆ మ్యాచ్‌లో మన తరఫున ఆడాడు. అయిదు నెలలు తిరగకుండానే ఆ ఇద్దరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుని నా కళ్లముందు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటున్నారు. జాతీయ జట్ల మ్యాచ్‌లలో ఇది చూడలేం. ఎదురుపడి దెబ్బతీసినవాడి నుంచే మన కుర్రాళ్లు నెల రోజులు పక్కనుండి నేర్చుకోవడం, నా లెక్కలో ఈ లీగ్‌కు ఉన్న అసలు ప్రయోజనం.

ఏం నేర్చుకుంటారు అంటారా? ఒక రోజు గోల్‌పోస్టు వెనక వరుసలో చోటు దొరికింది. తూఫాన్స్‌కు పెనాల్టీ కార్నర్ వచ్చింది. గోల్ ముందుండే అర్ధవృత్తంలో, అంటే డీలో, ఎదుటి జట్టు తప్పు చేస్తే సాధారణంగా దక్కే అవకాశం ఇది. బంతిని లోపలికి నెట్టే ఆటగాడు గోల్ వెనక గీత మీద, పోస్టుకు పది మీటర్ల దూరంలో నిలబడ్డాడు. గోల్‌కీపర్‌తో కలిపి ఎదుటి జట్టువాళ్లు అయిదుగురే అడ్డం ఉండాలి, మిగిలినవాళ్లు మైదానం మధ్య గీత దగ్గరికి వెళ్లిపోవాలి. ఆ నలుగురు రక్షకులు ముఖాలకు తొడుగులు బిగించుకుంటున్నారు. అందరికంటే ముందు బంతి మీదికి ఉరకవలసినవాడు మోకాళ్లకు రక్షణ కట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బంతి బయటికి రాగానే డీ అంచున ఒకడు ఆపాడు. పీలాట్ దాని మీదుగా అడుగు వేసి, నడుము దాదాపు నేలకు ఆనేంతగా వంగి, బంతిని స్టిక్‌కు అంటించుకుని ఈడ్చి విసిరాడు. నాకు బంతి కనిపించలేదు. వల కదలడమే కనిపించింది.

ఇక్కడ ఒక నియమం తెలిస్తే వేలంలో డబ్బు ఎక్కడికి పోతుందో అర్థమవుతుంది. పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్‌ను స్టిక్ ఊపి బాదితే, బంతి గోల్ గీతను 46 సెంటీమీటర్లకు మించని ఎత్తులోనే దాటాలి. గోల్ వెనక ఉండే చెక్క ఎత్తు అదే. ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. గోల్‌కీపర్ చెవి పక్కనుంచైనా పంపవచ్చు. పైగా లీగ్ జట్లకు కలిసి సాధన చేసే వ్యవధి చాలా తక్కువ. నాలుగైదు దేశాలవాళ్లు మైదానమంతా ఒకరి కదలికను ఒకరు పసిగట్టి ఆడటం కొద్ది రోజుల్లో అలవడేది కాదు. పెనాల్టీ కార్నర్ అలా కాదు, నెట్టేవాడు, ఆపేవాడు, విసిరేవాడు కుదిరితే పని నడుస్తుంది. అందుకే మంచి డ్రాగ్ ఫ్లికర్ దొరికితే జట్లు లెక్క చూసుకోవు. అదే జట్టులో ఒడిశా కుర్రాడు అమన్‌దీప్ లాక్రా కూడా డ్రాగ్ ఫ్లికరే. పీలాట్ పక్కన నిలబడి నెల రోజులు అదే పని చేయడం కంటే పెద్ద పాఠశాల ఆ వయసులో ఎక్కడ దొరుకుతుంది?

మొదటి వారంలో తూఫాన్స్ ఆట నాకు అతుకుల బొంతలా అనిపించింది. వాలెస్ పాస్ ఇచ్చే చోటికి మనవాడు ఒక అడుగు ఆలస్యంగా వచ్చేవాడు. జనవరి మూడో వారానికి ఆ అడుగు ఆలస్యం తగ్గిపోయింది. వరసగా చూసినవాళ్లకే అది తెలుస్తుంది. ఫలితాల పట్టికలో కనిపించదు. సెమీఫైనల్లో సూర్మాను 3–1తో ఓడించారు. మధ్యలో ఒక్క రాత్రి విశ్రాంతి, మర్నాడు ఫైనల్.

2025 ఫిబ్రవరి 1. ఎదుట బెంగాల్ టైగర్స్. తొలి క్వార్టర్‌లోనే పీలాట్ గోల్ చేశాడు. రెండో క్వార్టర్‌లో జుగ్‌రాజ్ సింగ్ సమం చేశాడు. మా వరుసలో నిట్టూర్పులు ఆగకముందే అమన్‌దీప్ మళ్లీ ఆధిక్యం తెచ్చాడు. మూడో క్వార్టర్ మొదట్లోనే జుగ్‌రాజ్ ఇంకో రెండు కొట్టి మమ్మల్ని వెనక్కి నెట్టాడు. పీలాట్ 3–3 చేశాడు. అప్పటికి పడిన ఆరు గోల్స్ చేసిందీ ముగ్గురు డ్రాగ్ ఫ్లికర్లే. షూటౌట్ తప్పదని నేను లేచి నిలబడిపోయాను. 54వ నిమిషంలో న్యూజిలాండ్ ఆటగాడు శామ్ లేన్ నాలుగో గోల్ వేశాడు. బెంగాల్ 4–3తో కప్పు, 3 కోట్ల రూపాయలు గెలుచుకుంది. మనకు దక్కింది రెండో స్థానం. అదృష్టం తిరగబడిందని కొందరు అంటారు కానీ నేను ఒప్పుకోను. మూడుసార్లు ఒకే చేతి నుంచి దెబ్బ తిన్నాం. జుగ్‌రాజ్ ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడు. అలాంటివాడు ఎదుట ఉన్నప్పుడు పెనాల్టీ కార్నర్లు ఇవ్వకుండా ఆడటమే మొదటి రక్షణ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్ గచ్చిబౌలిలో జరిగింది. నాకు పదహారేళ్లు. రెండు బస్సులు మారి వెళ్లేవాడిని. హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు గెలిచింది. ఆ జట్టులోనూ ఎక్కువమంది బయటివాళ్లే, అయినా అప్పుడు ఎవరూ ‘మనదెలా’ అని అడగలేదు. కారణం ఒక్కటే, వాళ్లు మా ఊళ్లో ఆడారు. మర్నాడు పొద్దున్నే మేము వాళ్లను అనుకరిస్తూ మట్టి మైదానంలో బంతిని ఈడ్చేవాళ్లం. ఆ లీగ్ 2008తో ఆగిపోయింది. నేను ఆడిన ఆ మట్టి మైదానం ఇప్పుడు కార్లు నిలిపే చోటు. 2013 నుంచి 2017 దాకా సాగిన హాకీ ఇండియా లీగ్‌లో తెలుగు నగరాల పేరే లేదు. అందుకే 2024 చివర్లో హైదరాబాద్ తూఫాన్స్‌తో పాటు విశాఖ పేరు మీద టీమ్ గోనాసిక కూడా వచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

కాబట్టి మీరు అడగవలసినది జట్టులో తెలుగు పేర్ల గురించి కాదని నా అభిప్రాయం. మన ఊళ్లో మ్యాచ్‌లు ఎందుకు లేవని అడగండి. ఇంకొకటి కూడా అడగండి. ఈ తరంలో తెలుగు నేల నుంచి దేశానికి ఆడినవాళ్లలో గుర్తుకొచ్చే పేర్లు ఆడపిల్లలవే: ఉమ్మడి చిత్తూరు జిల్లా గోల్‌కీపర్ ఇతిమర్పు రజని, నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య. అదే సీజన్‌లో మొదలైన మహిళల లీగ్‌లో నాలుగు జట్లుంటే ఒక్కటీ తెలుగు నగరానిది కాదు. పురుషుల జట్టులో తెలుగువాళ్లు లేరన్న వెలితి కంటే నాకు ఇది ఎక్కువగా గుచ్చుకుంటుంది.

చూడటం మొదలుపెట్టాలనుకుంటే ఒక మాట. బంతి వెంట కళ్లు పరుగెత్తించకండి. మొదట్లో బంతి అందదు. ఒక ఆటగాడిని ఎంచుకుని ఒక క్వార్టర్ అంతా, పదిహేను నిమిషాలూ, అతన్నే చూడండి. నేనైతే నీలకంఠ శర్మను చెబుతాను. బంతి తన దగ్గర లేనప్పుడు అతను ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడో లెక్కపెట్టండి. మా అమ్మాయి ఒక మ్యాచ్‌లో ముప్పై దాకా లెక్కపెట్టి, విరామం రాగానే వేరుశనగల పొట్లం నా చేతిలో పెట్టి, ‘నాన్నా, నాకూ ఒక స్టిక్ కొనిపెట్టు’ అంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు సాయంత్రం సాధనకు వెళుతోంది.