గ్రాంథమ్‌కి అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండ్‌లో గ్రాంథమ్ అనే చిన్న ఊళ్లో నర్సు ఉద్యోగం వచ్చింది. నెట్‌లో అక్కడి నేరాల లెక్కలు చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పంపమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పంపండమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ లెక్క ఊళ్లో కాపురముండే ప్రతి వెయ్యి మందికి ఎన్ని నేరాలని కడతారు. గ్రాంథమ్ లింకన్‌షైర్‌లో సంత జరిగే ఊరు, చుట్టుపక్కల పల్లెల వాళ్లు కొనుగోళ్లకు అక్కడికే వస్తారు. షాపులో దొంగతనమో, శనివారం రాత్రి పబ్ ముందు కొట్లాటో జరిగితే ఊరి ఖాతాలో పడుతుంది గానీ, బయటి నుంచి వచ్చిన ఆ జనం మాత్రం లెక్కలోకి రారు. అందుకే అంకె పెద్దగా కనిపిస్తుంది.

అక్కడి పోలీసుల వెబ్‌సైట్ పోలీస్.యూకేలో అమ్మాయి ఉండబోయే ఇంటి పోస్ట్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) కొట్టి చూడండి, చుట్టుపక్కల నేరాలు మ్యాప్‌లో చుక్కలుగా కనిపిస్తాయి. మ్యాప్‌లో చుక్క ఉన్న చోటే నేరం జరిగిందని కాదు, బాధితులెవరో తెలియకుండా దగ్గర్లో ఇంకో చోట పెడతారు. ‘హింస, లైంగిక నేరాలు’ అని ఒకే పద్దు కింద పెద్ద అంకె ఉంటుంది, గుండె జారుతుంది, కానీ ఎవరికీ దెబ్బ తగలని గొడవలు, వేధింపులు కూడా అందులోనే కలుస్తాయి. వేధింపులు చిన్న విషయమని నేననను.

నేనైతే అంకెలకన్నా దారి గురించి ఎక్కువ అడుగుతాను. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగుకే చీకటి. డ్యూటీ దిగి నడిచే దారిలో లైట్లున్నాయా, ఆ వేళకు బస్సు ఉందా, ఇల్లు తీసుకోకముందే కనుక్కోమనండి. ప్రమాదమైతే 999, అంత అత్యవసరం కాకపోతే 101, రెండూ ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేయించండి.