నివేదిక మీద తేదీ చూశారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లకు పైగా భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ చేశాను. వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) రెండు గంటల నలభై నిమిషాలు సాగింది. పీహెచ్‌డీకి అర్హత లేదనీ, సవరించి మళ్లీ సమర్పించే అవకాశం కూడా ఇవ్వడం లేదనీ, కావాలంటే ఎంఫిల్ తీసుకోవచ్చనీ పది రోజుల క్రితం ఉత్తరం వచ్చింది. నా సూపర్‌వైజర్ 'సిద్ధంగా ఉంది, ఇచ్చేయ్' అన్నాకే సమర్పించాను. రెండు అధ్యాయాలు ఇప్పటికే పరిశోధన పత్రికల్లో అచ్చయ్యాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ది (బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడిది) వేరే పరిశోధనా మార్గం, నా నమూనా (మోడల్) ఆయనకు అర్థం కాలేదు. వైవాకు మూడు వారాల ముందు మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది, ఎవరికీ చెప్పలేదు. నివేదికలు నాకు పంపారు. ఎక్స్‌టర్నల్ గారి ముందస్తు నివేదిక మీద వైవా అయిన రెండు రోజుల తర్వాతి తేదీ ఉంది, అచ్చు పొరపాటు కావచ్చు. అప్పీలు చేస్తే నెగ్గుతానా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– పేరు ప్రచురించవద్దు

జవాబు: మీ ఉత్తరం పదకొండు పేజీలు. స్థలం చాలక పైన కుదించి వేశాం. ఆ పదకొండింటిలో తొమ్మిది పేజీలు మీ నమూనా ఎందుకు సరైనదో వివరించాయి. తేదీ సంగతి మాత్రం పదో పేజీ అడుగున, అదీ 'అచ్చు పొరపాటు కావచ్చు' అని మీరే కొట్టేసుకుంటూ, ఒక్క వాక్యంలో రాశారు. నాకు పనికొచ్చినది ఆ వాక్యమే.

నేను ఇంగ్లండులో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాను, అందులో ఆరేళ్లు ఇలాంటి అప్పీళ్లు వినే సంఘంలో కూర్చున్నాను. మా బల్ల మీదికి అప్పీలు పత్రం వచ్చేది, నిబంధనల పుస్తకం వచ్చేది, నివేదికలూ ఈమెయిళ్లూ వచ్చేవి. థీసిస్ మాత్రం ఏనాడూ రాలేదు. చరిత్ర విద్యార్థి అప్పీలును ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడు, ఒక న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, నేను కలిసి విన్న రోజులున్నాయి. ఆ విద్యార్థి గ్రంథం మంచిదో కాదో చెప్పే యోగ్యత మా ముగ్గురిలో ఎవరికీ లేదు, ఆ పని మాది కూడా కాదు. పరీక్ష నిబంధనల ప్రకారం జరిగిందా లేదా అన్నదొక్కటే మేము తేల్చేది. మీ తొమ్మిది పేజీలు మా ముందుకు వచ్చి ఉంటే నేను మర్యాదగా తిప్పేసి ఉండేదాన్ని.

విద్యాపరమైన నిర్ణయాన్ని, అంటే 'ఈ పని డాక్టరేట్ స్థాయిలో ఉందా' అన్న ఎగ్జామినర్ల అభిప్రాయాన్ని, అప్పీలులో ప్రశ్నించలేరు. విశ్వవిద్యాలయం బయట ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ కూడా దాని జోలికి వెళ్లకూడదని 2004 నాటి ఉన్నత విద్యా చట్టంలోనే ఉంది. సాధారణంగా చెల్లే కారణాలు మూడే: పరీక్ష నిర్వహణలో లోపం, ఎగ్జామినర్ పక్షపాతం, మీరు అప్పట్లో చెప్పుకోలేకపోయిన తీవ్రమైన వ్యక్తిగత పరిస్థితి. వేరే మార్గానికి చెందినవాడు కావడం పక్షపాతం కిందికి రాదు. అచ్చయిన అధ్యాయాలూ ఆదుకోవు. సూపర్‌వైజర్ 'ఇచ్చేయ్' అన్నమాట కూడా అంతే. ఆయన అనుమతి ఫలితానికి హామీ కాదని చాలా చోట్ల నిబంధనల్లోనే రాసి ఉంటుంది. పర్యవేక్షణ సరిగా లేదని ఇప్పుడు అంటే, 'వైవాకు ముందే ఎందుకు చెప్పలేదు?' అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. నేనే చాలాసార్లు అడిగాను.

ఇక ఆ తేదీ. ఎగ్జామినర్లిద్దరూ థీసిస్ చదివి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే, ఎవరి నివేదిక వారు రాసి పంపాలన్నది అక్కడి విశ్వవిద్యాలయాల్లో మామూలు నియమం. ఒకరి మాట విని రెండోవారు మనసు మార్చుకోకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. వైవా తర్వాత ఇద్దరూ కలిసి ఉమ్మడి నివేదిక ఇస్తారు. ఎక్స్‌టర్నల్ గారు ముందస్తు నివేదికను నిజంగా వైవా అయ్యాక రాసి ఉంటే, అది ముందస్తు నివేదికే కాదు. అయితే తొందరపడకండి. నివేదికను ముందే పంపి, సంతకం చేసిన ప్రతిని తర్వాత పంపి ఉండవచ్చు. కాబట్టి ఆరోపణగా కాక, ప్రశ్నగా రాయండి. 'ఆయనకు నా పని అర్థం కాలేదు' అన్న వాక్యం తీసేసి, 'ముందస్తు నివేదిక వైవాకు ముందే అందాలని ఫలానా నిబంధన. నాకిచ్చిన ప్రతిపై వైవా తర్వాతి తేదీ ఉంది. అది కార్యాలయానికి ఏ రోజున చేరిందో తెలియజేయగలరు' అని పెట్టండి. ఇంటర్నల్ గారి (మీ విశ్వవిద్యాలయానికే చెందిన ఎగ్జామినర్) ముందస్తు నివేదికను కూడా పక్కన పెట్టుకుని చదవండి. అందులో 'సవరణలతో సరిపోతుంది' అనే ధోరణి ఉండి, ఉమ్మడి నివేదికలో అది 'అర్హత లేదు'గా ఎందుకు మారిందో చెప్పకపోతే, ఆ రెండు వాక్యాలనూ యథాతథంగా ఎత్తి రాయండి. వ్యాఖ్యానం మాత్రం వద్దు.

ఆ నివేదిక పంపిన ఈమెయిళ్లను వ్యక్తిగత సమాచార చట్టం కింద అడిగే హక్కు మీకుంది. సాధారణంగా నెల రోజుల్లో, రుసుము లేకుండా ఇవ్వాలి. మీ గురించి ఎగ్జామినర్లు రాసిన వ్యాఖ్యలు కూడా అందులోకి వస్తాయి. అవి చేతికి వచ్చేదాకా అప్పీలు ఆపకండి. గడువు ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో రకం, కొన్ని చోట్ల రెండు వారాలే. పదకొండు పేజీలు రాసిన మీరు గడువు ఎంతో ఒక్క ముక్క రాయలేదు, ఉత్తరం వచ్చి అప్పుడే పది రోజులు! ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆలస్యం కావచ్చని విషయం మీకు విడిగా ఈమెయిల్ చేశాను. సమాచారం అడిగాననీ, అందగానే జత చేస్తాననీ అప్పీలులోనే రాయండి. రెండు మూడు పేజీలు చాలు, పేరాలకు అంకెలు వేయండి. పంపే ముందు విద్యార్థి సంఘంలోని సలహాదారుకు చూపించండి. వారు డబ్బు తీసుకోరు, విశ్వవిద్యాలయం మనుషులు కారు, ఇలాంటివి ఏటా చూస్తుంటారు.

నెగ్గుతానా అని అడిగారు. నెగ్గినా వెంటనే పట్టా చేతికి రాదు. చాలావరకు కొత్త ఎగ్జామినర్లతో మళ్లీ పరీక్ష పెడతారు, లేదా ఫలితాన్ని పునఃపరిశీలించమంటారు. కొత్తవాళ్లు కూడా కాదనవచ్చు. అంతదాకా ఎంఫిల్‌కు ఒప్పుకుంటున్నట్టు ఎక్కడా సంతకం చేయకండి. ఒప్పుకుంటే అప్పీలు ఏమవుతుందో, మీ వీసా ఏమవుతుందో ముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

విశ్వవిద్యాలయం లోపల దారులన్నీ మూసుకుపోతే, తమ ప్రక్రియ పూర్తయిందని ఒక ఉత్తరం ఇస్తారు. ఆ తేదీ నుంచి 12 నెలల్లోగా ఇంగ్లండు, వేల్స్ విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర న్యాయనిర్ణేత కార్యాలయానికి వెళ్లవచ్చు, విద్యార్థికి ఖర్చు లేదు. స్కాట్లండుకు వేరే ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) ఉంది. కోర్టు మాట ఇప్పుడే ఎత్తకండి.

నాన్నగారి ఆపరేషన్‌ను రెండో కారణంగా పెట్టండి, మొదటిదిగా కాదు. అది నిజమేనా అని ఎవరూ అనుమానించరు. వైవా వాయిదా ఎందుకు అడగలేదన్నదే చిక్కు. 'మొహమాటపడ్డాను' అంటే చాలదు. ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో, రాత్రిళ్లు ఆస్పత్రికి ఎన్ని ఫోన్లు చేశారో, అడిగితే వాయిదా దొరుకుతుందని మీకు తెలుసో లేదో ఉన్నదున్నట్టు రాయండి. తేదీలున్న ఆస్పత్రి డిశ్చార్జి కాగితం జత చేయాలి. ఆ కాగితం ఇంట్లో ఉంది కాబట్టి ఫోను చేయక తప్పదు. అమ్మగారితో మొదలుపెట్టండి. ఎందుకు కావాలని ఆవిడ అడుగుతారు.