ఆట ఖజానాలో 300 బంగారం, బ్యాంకు ఖాతాలో 500 రూపాయలు

విశాఖ మధురవాడ నుంచి ఒక కుర్రాడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"సార్, నాకు 27 ఏళ్లు. రుషికొండలో ఐటీ సపోర్ట్ ఉద్యోగం, చేతికి 34,000 వస్తుంది. క్రూసేడర్ కింగ్స్ త్రీ అనే స్ట్రాటజీ ఆట మూడేళ్లుగా ఆడుతున్నాను. దాని ఎక్స్‌పాన్షన్లకి, అంటే అసలు ఆటకి విడిగా కొనుక్కునే అదనపు భాగాలకి, ఇప్పటిదాకా 11,400 అయింది, అన్నీ క్రెడిట్ కార్డు మీదే కొన్నాను. కార్డు లిమిట్ 40,000, బాకీ 38,000. నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను, ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. నవంబరులో నాన్నగారికి ఒంట్లో బాగోక లోన్ యాప్‌లో 15,000 తీసుకున్నాను, ఇంకా రెండు వాయిదాలు ఉన్నాయి. పోయిన శనివారం వింటర్ సేల్‌లో 1,650 పెట్టి మూడు ప్యాకులు కొన్నాను, ఇంకా ఆట తెరవలేదు. మరో రెండు ప్యాకులు 3,000వి 1,800కే ఇస్తున్నారు, కార్డులో మిగిలిన 2,000 లిమిట్ సరిపోతుంది. సేల్ అయిపోయేలోపు తీసుకుంటే 1,200 మిగిలినట్టే కదా? ఇంకో విషయం, ఒక బ్యాంకు లక్ష రూపాయల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. దాంతో కార్డు తీర్చేసి, మిగిలిన డబ్బుతో మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చా?"

రెండు ప్రశ్నలకీ జవాబు వద్దు అనే. కానీ ఈ ఉత్తరం ఎంచుకున్నది అందుకు కాదు. ఇదే లెక్క చీరల సేల్ గురించి, ఫోన్ ఎక్స్ఛేంజ్ ఆఫర్ గురించి, బైక్ యాక్సెసరీల గురించి వరసగా వస్తూనే ఉంది. తగ్గింపు ధర చూసి డబ్బు మిగిలిందనుకోవడం, అదీ అప్పు మీద కొంటూ. ఆటలు ఆడేవాళ్లని తిట్టడానికి నేను ఇది రాయడం లేదు. రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని జనం తిట్లు వినే ఉద్యోగం చేసి వచ్చినవాడు రాత్రి రెండు గంటలు ఒక రాజ్యం ఏలుకుంటే తప్పేమీ లేదు. నేను చూసేది ఆ 1,800 ఎక్కణ్ణుంచి వస్తోందన్నది ఒక్కటే.

ముందు మీ కార్డు సంగతి చూద్దాం. స్టేట్‌మెంట్ పంపారు కాబట్టి అందులో అంకెలే రాస్తున్నాను. నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 38,000 మీద ఒక నెల వడ్డీ 1,330, జీఎస్టీ 239, రెండూ కలిపి 1,569. మీరు కట్టే మినిమం డ్యూ 1,900. అంటే మీరు కట్టినదాంట్లో అసలుకి చేరేది 331 రూపాయలు. ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదని రాశారు, నిజమే, అందుకే లేట్ ఫీజు పడలేదు. కానీ ప్రతి నెలా ఒక ఎక్స్‌పాన్షన్ కొన్నంత డబ్బు బ్యాంకుకి వడ్డీగా పోతోంది. మీకు దానికి బదులు ఆట కూడా రావడం లేదు.

ఇంకో ముక్క చాలామందికి తెలియదు. కార్డు బాకీ పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి ఆ వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీ 1,800 ప్యాకు మీద నెలకు జీఎస్టీతో కలిపి 4.13 శాతం. అది అలా తిరుగుతూ ఉంటే 13 నెలలకి 3,000 దాటుతుంది. తగ్గించిన 1,200 మీకు మిగల్లేదు, నెమ్మదిగా బ్యాంకుకి చేరింది, అంతే. పోయిన మార్చిలో చాప్టర్ ఫోర్ అనే ఎక్స్‌పాన్షన్ల కట్ట మొత్తానికి ముందే కట్టేశానని కూడా రాశారు. 2025 మార్చిలో ప్రకటించిన ఆ చాప్టర్‌లో పెద్ద ఎక్స్‌పాన్షన్, ఆల్ అండర్ హెవెన్, వచ్చింది అక్టోబరు ఆఖర్లో. ఇంకా తయారవుతున్న వస్తువు కోసం ఏడు నెలలు వడ్డీ కట్టారు మీరు. సొంత డబ్బు ఉన్నవాడు ముందే కొనుక్కుంటే అది అతని సరదా, మీ పరిస్థితిలో అది సరదా కాదు.

శనివారం కొన్న మూడు ప్యాకుల గురించి గడువు దాటిపోతుందని ముందే మెయిల్ పెట్టాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ చెప్తున్నాను. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఎక్స్‌పాన్షన్ కొన్న 14 రోజుల్లోపు, కొన్నాక అసలు ఆట రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే, రిఫండ్ అడగొచ్చు. అడిగేటప్పుడు డబ్బు స్టీమ్ వాలెట్‌కా, కార్డుకా అని అడుగుతుంది, కార్డుకే అని పెట్టండి. వాలెట్‌లో పడితే సాయంత్రానికి ఇంకో ప్యాకు కొంటారు, ఆ సంగతి మీకూ తెలుసు నాకూ తెలుసు.

ఇక అసలు విషయం, ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసింది. నవంబరు.

ఫోన్‌లో మాట్లాడినప్పుడు చెప్పారు. శ్రీకాకుళం నుంచి నాన్నగారిని కారు కట్టించుకుని తీసుకొచ్చారు, కడుపు నొప్పి, స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు. రాత్రి 11 గంటలకి అడ్వాన్స్ కట్టమన్నారు. కార్డులో లిమిట్ లేదు, జీతం పడటానికి ఇంకా ఐదు రోజులుంది. బిల్లింగ్ కౌంటర్ ముందు ఒక చేత్తో స్కాన్ కవరు పట్టుకుని, ఇంకో చేత్తో యాప్ దింపుకుని, సెల్ఫీ తీసి, అడిగిన పర్మిషన్లన్నిటికీ అలౌ కొట్టి, ఐదు నిమిషాల్లో డబ్బు తెచ్చుకున్నారు. ఆ పూట మిమ్మల్ని నేనేమీ అనను, కన్నతండ్రి స్ట్రెచర్ మీద ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

కానీ ఆ యాప్ మిమ్మల్ని ఏం చేసిందో చూడండి. అప్పు 15,000 అన్నారు, ఫీజులు పోగా ఖాతాలో పడింది 13,400. నెలకు 5,600 చొప్పున మూడు వాయిదాలు, మొత్తం 16,800. మూడు నెలలకి 3,400 అదనం. లెక్క కడితే నెలకు 12 శాతం పైనే పడింది. పూర్ణా మార్కెట్లో తోపుడు బండి పెట్టుకుని పొద్దున అప్పు తెచ్చి సాయంత్రం తీర్చే మనిషికి కూడా ఇలాంటి వడ్డీ కట్టొద్దనే చెప్తాను, మీరు నెల జీతగాడు! అంతా కలిపి వార్షిక వడ్డీ ఎంతో చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అప్పు ఇచ్చే ముందే చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. మీ కాంటాక్టులు, ఫొటోలు చూసే హక్కు ఆ యాప్‌కి లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ పర్మిషన్లు ఇవాళే తీసెయ్యండి. రికవరీ పేరుతో ఎవరైనా మీ వాళ్లకి ఫోన్ చేసి బెదిరిస్తే సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫిర్యాదు చెయ్యండి, భయపడి ఇంకో యాప్‌లో తీసుకుని ఇది కట్టకండి. చాలామంది మునిగిపోయేది ఆ రెండో యాప్‌తోనే.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. ఎక్స్‌పాన్షన్లకి పోయింది 11,400. ఆ రాత్రి యాప్ ఇచ్చింది 13,400. ఆ 11,400 మీ ఖాతాలో ఉండి ఉంటే, మిగిలిన రెండు వేలు గాజువాకలో ఉన్న మీ స్నేహితుణ్ణి అడిగితే సరిపోయేది. ఆట వల్ల మీకు అప్పు పుట్టిందని నేను అనడం లేదు, కార్డు బాకీలో మీరు కొన్న కుర్చీ ఉంది, దసరా బట్టలున్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. అత్యవసరానికని పక్కన పెట్టిన డబ్బు ఒక్క రూపాయి లేకపోవడం వల్ల పుట్టింది.

విచిత్రమేమిటంటే ఈ పాఠం మీకు బాగా తెలుసు. ఆటలో ఖజానా సున్నా కిందికి పోతే సైన్యం బలహీనపడుతుంది, అందుకే 300 బంగారం లేనిదే ఏ యుద్ధమూ ప్రకటించనని మీరే ఎంతో ఉత్సాహంగా చెప్పారు. అదే ఫోన్ కాల్‌లో, నెలాఖరుకి బ్యాంకులో ఎంత ఉంటుందని అడిగితే, 500 అన్నారు.

నేను ఈ అత్యవసర నిధి గురించి ప్రతిసారీ ఎందుకు ఇంత పట్టుబడతానని అడుగుతుంటారు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. అప్పుడు మేము సీతమ్మధారలో ఉండేవాళ్లం. సోమవారం పొద్దున బయటికొస్తే చెట్లన్నీ రోడ్ల మీద పడి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. పర్సులో రెండు బ్యాంకుల కార్డులు, 140 రూపాయలు. పాల ప్యాకెట్ రెట్టింపు పైనే చెప్తున్నారు, అదీ నగదు ఉన్నవాళ్లకే. పక్కింటి రిటైర్డ్ రైల్వే ఉద్యోగి బియ్యం డబ్బాలోంచి 500 నోట్లు నాలుగు తీసి నా చేతిలో పెట్టారు, ఎప్పుడిస్తావని కూడా అడగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో 5,000 నగదు ఎప్పుడూ ఉంటుంది, అందులోంచి పండక్కి కూడా తియ్యం. తుపాను దారిలో ఉన్న ఊళ్లో బతుకుతున్నాం మనం, యూపీఐ ఉంది కదా అని ధీమాగా ఉండలేం.

మీ ఖర్చులు చూస్తే అద్దె వాటా 7,000, ఇంటికి పంపేది 8,000, తిండికి 6,000, పెట్రోలూ ఫోనూ వగైరా 5,000, మొత్తం 26,000. అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చుకి సరిపోవాలంటే 1,56,000 కావాలి. ఆ అంకె చూసి కంగారు పడకండి, మొదటి గమ్యం 10,000, రెండోది 26,000. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోకుండా, యూపీఐకి కలపకుండా ఉంచండి. కాస్త పెరిగాక కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వెయ్యండి. రాబడి ఎంత అని అడగొద్దు, ఈ డబ్బు పని రాబడి కాదు, రాత్రి 11 గంటలకి కౌంటర్ దగ్గర మీ చేతిలో ఉండటం.

జీతంలోంచి 26,000 పోగా 8,000 ఉండాలి. ఇప్పుడు యాప్‌కి 5,600, కార్డుకి 1,900 పోయి 500 మిగులుతోంది. నవంబరుకి ముందు నెలకు ఆరు వేలు ఎటు పోయాయని అడిగితే తెలియదన్నారు. రెండు నెలల స్టేట్‌మెంట్ తీసి ఎర్ర పెన్నుతో గీసుకోండి, నాకు పంపక్కర్లేదు, మీరు చూస్తే చాలు. రాబోయే రెండు నెలలు యాప్ వాయిదాలు పూర్తి చెయ్యండి, కార్డు వాడటం ఆపెయ్యండి, ఆటల ఖాతాలోంచి సేవ్ చేసిన కార్డు నంబరు తీసెయ్యండి. మూడో నెల నుంచి కార్డుకి 7,000, నిధికి 1,000. అలా కడితే ఏడో వాయిదాతో కార్డు బాకీ తీరిపోతుంది. మార్చిలో ఇన్సెంటివ్ 18,000 వస్తుందన్నారు, అందులో ముందు 10,000 నిధికి వెళ్లాలి, 8,000 కార్డుకి. అప్పు తీర్చకుండా దాచుకోవడం ఏంటి, వడ్డీ నష్టం కదా అని కొందరు సలహాదారులు అంటారు. లెక్క ప్రకారం వాళ్లది కరెక్టే. కానీ చేతిలో ఏమీ లేకుండా కార్డు తీర్చినవాళ్లు, తర్వాత వచ్చిన మొదటి ఇబ్బందికే మళ్లీ అదే కార్డు గీకడం నేను చాలాసార్లు చూశాను. ఆ 10,000 ఉంటే మీరు యాప్ జోలికి వెళ్లరు.

లక్ష రూపాయల లోను వద్దు. 38,000 బాకీకి లక్ష తీసుకుని ల్యాప్‌టాప్ కొనడమంటే బాకీని రెండింతలకి పైగా చేసుకుని, ఖాళీ అయిన కార్డుని మళ్లీ జేబులో పెట్టుకోవడం. కార్డు బ్యాంకునే బాకీ మొత్తం తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని అడగండి, ఒప్పుకుంటే మంచిదే. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్ సంగతి కార్డు తీరాక మాట్లాడదాం. నాన్నగారికి రేషన్ కార్డు ఉందన్నారు కాబట్టి ఈసారి హాస్పిటల్‌కి వెళ్తే ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం వర్తిస్తుందేమో అక్కడ ఆ పథకం చూసే సిబ్బందిని ముందే అడగండి, ఆ రాత్రి ఎవరూ అడగలేదట. మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు లేరు, ఉద్యోగం మానేస్తే మీకూ ఉండదు, సొంత పాలసీ ఒకటి ఈ ఏడాదే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ కూడా లేదు.

ఆట మానెయ్యమని నేను చెప్పను. కార్డు తీరాక నెలకు 300 ఆటకని విడిగా పెట్టుకోండి, అది ఎంత పోగైతే అంతే కొనండి. సేల్ మళ్లీ వేసవిలో వస్తుంది, పాత ఎక్స్‌పాన్షన్ల మీద తగ్గింపు సాధారణంగా పెరుగుతుందే తప్ప తగ్గదు. దీనికి ముందు వచ్చిన క్రూసేడర్ కింగ్స్ టూ 2012లో వచ్చింది, 2019కల్లా అసలు ఆటని ఉచితంగా ఇచ్చేశారు. ఆగినవాడు ఈ ఆటల్లో నష్టపోయింది లేదు. ఎక్స్‌పాన్షన్‌తో పాటు వచ్చే ఉచిత అప్‌డేట్ ఎలాగూ మీకు వస్తుంది.

మీ గాజువాక స్నేహితుడి దగ్గర ఆ రెండు ప్యాకులూ ఉన్నాయన్నారు. ఈ ఆటలో కలిసి ఆడేటప్పుడు హోస్ట్ చేసేవాళ్ల దగ్గర, అంటే ఆట మొదలుపెట్టి మిగతావాళ్లని అందులోకి పిలిచేవాళ్ల దగ్గర, ఎక్స్‌పాన్షన్ ఉంటే చాలు, మిగతావాళ్లకీ అది అందుతుంది. ఆదివారం రాత్రి అతన్ని హోస్ట్ చెయ్యమనండి.