పగడాల అక్వేరియంలో నాచు తినే పీతలు: ముందు నీళ్లు పరీక్షించండి

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో సరదా కొద్దీ 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలు పెంచుతున్నాను. మూడు నెలలుగా రాళ్ల మీద గోళీల్లాంటి ఆకుపచ్చ బుడగల నాచు పెరిగిపోతోంది. షాపతని మాట మీద, నాచు తింటాయని రెండు ఎమరాల్డ్ పీతలు తెచ్చి వేశాను. రెండు వారాలకు జోయాంతిడ్ పగడాలన్నీ ముడుచుకుపోయాయి, విచ్చుకోవడం లేదు. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే పీత వాటి మీద కూర్చుని గిల్లుతోంది. పగడాలను పీతలే తింటున్నాయని నా అనుమానం. షాపతను ఇంకో నాలుగు పీతలు వేయమంటున్నాడు. అప్పటికీ నాచు తగ్గకపోతే కాపర్ సల్ఫేట్ కొద్దిగా కలపమంటున్నాడు. తగ్గిన నీటికి బోరు నీళ్లు పోస్తున్నాను. చేపలకు రోజూ మూడుసార్లు ఫ్రోజెన్ రొయ్య మేత వేస్తున్నాను. చెరువు దగ్గరి రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే సెలినిటీ (నీటిలో ఉప్పు పాలు) 39 వచ్చింది. ఫొటోలు పంపుతున్నాను. ఈ పీతలు పగడాల ట్యాంకులో ఉంచొచ్చా?
— ఒక రైతు, భీమవరం మండలం

జవాబు: కాపర్ సల్ఫేట్‌ను ఆ ట్యాంకు దరిదాపులకు రానివ్వకండి. చేపల చెరువులో నాచుకు వాడేదే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ పీతలు, నత్తలు, పగడాలు రాగిని తట్టుకోలేవు. పైగా అది రాళ్లకు, ఇసుకకు పట్టుకుని తర్వాత కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. ఒక్కసారి వేశారంటే ఆ రాళ్లు మళ్లీ పగడాలకు పనికిరావు. పగడాలు పెంచే మనిషికి రాగి అమ్మచూపే షాపతను ఏం చెప్పినా నమ్మకండి. మందు, పీత రెండూ అతని సరుకే. మీ నీటిలో ఏముందో అతను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక మీ అనుమానం. పగడాలను పీతలు తినడం లేదు, మీ నీళ్లే చంపుతున్నాయి. సముద్రపు నీరు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు ఉండాలి, మీది 39. ట్యాంకులో నీరు ఆవిరైనప్పుడు పోయేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. దాని మీద మీరు డెల్టా బోరు నీళ్లు పోస్తున్నారు. ఆ నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. పోసిన ప్రతి బకెట్‌తో ఉప్పు, దానితోపాటు నాచుకు బలమిచ్చే పోషకాలు లోపలికి వెళ్తున్నాయి. ఫొటోలో జోయాంతిడ్ గుత్తి మొత్తం ఒకేలా ముడుచుకుని ఉంది. పీత కొరికితే అలా ఉండదు, ఒకచోట చిరిగి, పక్కవి బాగానే విచ్చుకుని కనిపిస్తాయి. నీరసపడి కుళ్లడం మొదలైన కండను పీత రాత్రిపూట ఏరుకుంటోంది. మీరు చూసింది అదే.

సెలినిటీని ఒక్కరోజులో దించకండి. రాళ్లు, ఇసుక పోగా మీ ట్యాంకులో నీరు సుమారు 250 లీటర్లు ఉంటుంది. రోజుకు 6–7 లీటర్లు తీసి, అంతే ఉప్పు లేని ఆర్‌ఓ నీరు పోయండి. రోజుకు ఒక పీపీటీ చొప్పున నాలుగు రోజుల్లో 35కి వస్తుంది. రిఫ్రాక్టోమీటర్‌ను ముందు 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూసుకోండి. చెరువు గట్టున పడి ఉండే మీటరు రెండు మూడు పాయింట్లు తేడా చూపడం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత ఆవిరైన నీటి బదులు ఆర్‌ఓ, డీఐ (మిగిలిన లవణాలను కూడా తీసే ఫిల్టర్) రెండూ దాటిన నీరే వాడాలి. టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. తాగునీటి ప్లాంటు డబ్బా నీళ్లు సరిపోవు, రుచి కోసం వాటిలో కొంత టీడీఎస్ ఉంచుతారు.

మేత రోజుకు ఒక్కసారి చాలు, అదీ చేపలు రెండు నిమిషాల్లో తినేసేంతే. ఫ్రోజెన్ మేతను కరిగించి, జల్లెడలో కడిగి, ఆ రసం పారబోసి వేయండి. చెరువులో మిగిలిన మేతను చెక్ ట్రేలో చూసి తగ్గిస్తారు కదా, ఇక్కడ మిగిలిందంతా ఫాస్ఫేట్ అయి నాచుకు వెళ్తోంది. వారానికి 25 లీటర్ల నీరు మార్చండి. కొత్త నీటికి రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలపండి, వంట ఉప్పు, కళ్లుప్పు వద్దు. నైట్రేట్ 2–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) 8–9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఉండాలి. నైట్రేట్, ఫాస్ఫేట్‌లను పూర్తిగా సున్నా చేయాలని చూడకండి, పగడాలకూ కొంత కావాలి. టెస్ట్ కిట్ ఖర్చు నాలుగు పీతల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. అయినా నాకు వచ్చే పది ఉత్తరాల్లో తొమ్మిదింట్లో పీత, చేప, మందు పేర్లుంటాయి, నీటి అంకెలు ఉండవు. మీరు కనీసం సెలినిటీ రాశారు, అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు పీతల సంగతి. మీరు తెచ్చినవి రెండూ ఒకటి కావు. మొదటి ఫొటోలోది నిజమైన ఎమరాల్డ్ పీతే, కరేబియన్ సముద్రపు మిత్రాక్యులస్ స్కల్ప్టస్. పెంకు మెరిసే పచ్చగా, చదునుగా ఉంది, కాళ్ల మీద నూగు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం డెక్కల కొనలు. అవి చెంచాలా గుంటపడి, మొద్దుగా ఉన్నాయి. రాతి మీద నాచు గీకి తినడానికి ఏర్పడ్డ డెక్కలవి. రెండో ఫొటోలో డెక్కల కొనలు నల్లగా, సూదిగా ఉన్నాయి, ఒళ్లంతా వెంట్రుకలు. అది ఎమరాల్డ్ కాదు. అలాంటి డెక్క మాంసం చీల్చడానికే. ఈ రెండోదాన్ని తీసేయండి. రాత్రి లైట్లు ఆర్పాక ఒక గాజు గ్లాసులో చిన్న రొయ్య ముక్క వేసి, రాతికి ఆనించి ఏటవాలుగా పెట్టండి. వాసనకు వచ్చి లోపలికి జారుతుంది, నున్నటి గాజు మీద పైకి ఎక్కలేదు.

ఎమరాల్డ్ పీతను ఉంచొచ్చు, కానీ అది సాధువేమీ కాదు. నాచు దొరికినంతకాలం నాచు తింటుంది. అయిపోయి ఆకలేస్తే మన మండపీతలాగే దొరికినదాని మీద పడుతుంది. అప్పుడు పగడం కండ, నత్త, నిద్రపోతున్న చిన్న చేప ఏదైనా దానికి మేతే. కాబట్టి మీ ట్యాంకుకు రెండుకు మించి వద్దు, ప్రస్తుతానికి ఒక్కటే చాలు. నాచు తగ్గాక వారానికి రెండుసార్లు నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు) చిన్న ముక్క గానీ, మునిగే స్పిరులినా గుళిక గానీ దాని దగ్గర పడేయండి. బాగా పెరిగిన పెద్ద పీతలతోనే ఇబ్బందులు ఎక్కువ, కొనేటప్పుడు చిన్నదే తీసుకోండి. అడుగున ఖాళీ పెంకు కనిపిస్తే చచ్చిపోయిందని కంగారు పడొద్దు, రొయ్యలాగే ఇదీ కుబుసం విడుస్తుంది, కొన్ని రోజులు రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. శాలీ లైట్‌ఫుట్ అని అమ్మే పీతను మాత్రం కొనకండి. అది త్వరగా పెరిగి చేపల్ని పట్టుకుంటుంది.

అమెరికాలో పీతలు పగడపు దిబ్బల్ని కాపాడుతున్నాయని షాపుల్లో చెబుతుంటారు. ఆ మాట నిజమే. ఫ్లోరిడా కీస్‌లో దిబ్బల మీద పీతలను వదిలితే నాచు బాగా తగ్గిందని 2021లో పరిశోధన వచ్చింది, అక్కడి మోట్ మెరైన్ లాబొరేటరీ వాటిని పెంచుతోంది కూడా. కానీ అవి కరేబియన్ కింగ్ క్రాబ్‌లు, పెంకు ఒక్కటే అరచేతిని మించిపోతుంది. సముద్రంలో వాటికి మేయడానికి ఎంతో చోటుంది. దాన్ని చూపించి 300 లీటర్ల గాజు పెట్టెలో ఆరు పీతలు వేయమనడం వ్యాపారం.

బుడగల నాచు పేరు వాలోనియా. ముందు చేత్తో తగ్గించి, మిగిలింది పీతకు వదలండి. రాయిని ట్యాంకు నీళ్లే పోసిన బకెట్‌లోకి తీసి, మొద్దు స్క్రూడ్రైవర్‌తో మొదలు దగ్గర నెట్టి, బుడగ పగలకుండా ఊడదీయండి. ఆ నీళ్లు మళ్లీ ట్యాంకులో పోయొద్దు. జోయాంతిడ్లు ఉన్న రాయిని పట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వాటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. ఆ రాయిని వేడినీళ్లలో వేయడం, ఎండాక గీకడం లాంటివి పొరపాటున కూడా చేయకండి, ఆవిరి పీల్చినా ఆస్పత్రి పాలవుతారు.

మరో మాట. మీరు పగడాలు ఎక్కడ కొన్నారో రాయలేదు. మన తీరంలో, మన్నార్ సింధుశాఖలో దొరికే, దిబ్బలు కట్టే రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. బిల్లు, దిగుమతి పత్రాలు చూపలేని షాపులో ఇకపై ఏదీ కొనకండి.

సెలినిటీ 35కి వచ్చాక మరో పది రోజులు ఆగి, నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ మూడూ కొలిచి పంపండి. రెండో పీత అవసరమో కాదో ఆ అంకెలు చూసి చెబుతాను.