విషయలోలుడు అంటే ఎవరు?

ప్రశ్న: శ్రీకాళహస్తీశ్వర శతకం మీద తిరుపతిలో జరిగిన ఒక ఉపన్యాసానికి మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వక్త ‘విషయలోలుడు’ అన్నప్పుడు, నాలుగు విషయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి గలవాడని అది అర్థం చేసుకుంది. సరైన అర్థం ఏమిటి? లోలుడన్నది ఎప్పుడూ నిందేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అమ్మాయి అలా అనుకోవడం సహజమే. నేటి వాడుకలో విషయమంటే సంగతి. శాస్త్రాల్లో మాత్రం ఇంద్రియాలు గ్రహించే శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు ఐదింటినీ విషయాలంటారు. వాటివల్ల కలిగే సుఖాలకు మనసు అప్పగించి, ఆ కోరికలు ఎటు లాగితే అటు పోయేవాడు విషయలోలుడు.

లోల శబ్దానికి కదలాడేది, ఊగేది అని అర్థం. చంచలమైన కన్నులు గల స్త్రీని కవులు లోలాక్షి అన్నదీ, గోడగడియారంలో ఊగే గుండును మనం లోలకం అంటున్నదీ అందుకే. నిలకడ లేక దేనివైపో ఊగే మనసుకు దానిమీద ఉండే ఆశ కూడా ఈ మాటలో ఇమిడింది. అయితే అది నిందా, స్తుతా అన్నది ముందున్న పదాన్ని బట్టి ఉంటుంది. ధనలోలుడంటే నింద, త్యాగయ్య ‘ఎందరో మహానుభావులు’ కీర్తనలో ‘సామగానలోల’ అన్నది స్తుతి. ముందు ఏ పదమూ లేకుండా ఒట్టి లోలుడంటే మాత్రం తక్కువ చేసి అన్నట్లే.

లోలుడి గుణమైన ఈ లౌల్యాన్ని చాపల్యంతో కలిపేయకూడదు. భగవద్గీత 16వ అధ్యాయం 2వ శ్లోకం దైవీ గుణాల్లో అలోలుప్త్వాన్ని, అచాపలాన్ని వేర్వేరుగా చెప్పింది. విషయాలు ఎదుటే ఉన్నా ఇంద్రియాలు చలించకపోవడం మొదటిదనీ, పని లేకుండా నోటినీ కాళ్లూ చేతులనూ ఆడించకపోవడం రెండవదనీ శంకరాచార్యుల భాష్యం. తెలుగులో చాపల్యం కాస్త పక్కకు జరిగి, అప్పటికప్పుడు కలిగే బలహీనతకు పేరైంది. షుగరున్న పెద్దాయన గాంధీ రోడ్డులో మిఠాయి అంగడి ముందు ఆగి, నోరు కట్టుకోలేక ఒక్క మైసూర్‌పాకు ముక్క నోట్లో వేసుకుంటే అది జిహ్వచాపల్యం. వైద్యుడు వద్దన్నా రోజూ ఆ అంగడికే నడిస్తే లౌల్యం. ఆ ఒక్క ముక్కకే మనిషిని లోలుడనడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇక ఇలా దేనికైనా వశమవడాన్ని చెప్పే లోనవడం, లోబడడం, లొంగడం అనే క్రియాపదాల సంగతి. లోనవడంలో మనిషి పూనిక అంతగా కనిపించదు. ఆవేదనకు లోనయ్యాడంటే అది అతణ్ణి కమ్ముకుందనే అర్థం. లోబడడం మంచికీ చెల్లుతుంది. నిబంధనలకు లోబడి నడుచుకోవడం తప్పెలా అవుతుంది? లొంగడంలో మాత్రం ఎదిరించి నిలబడే వీలుండీ నిలబడలేదన్న ధ్వని ఉంది. అందుచేత లంచం తీసుకున్న ఉద్యోగి ప్రలోభానికి ‘లోనయ్యాడు’ అని పత్రికలు రాసినప్పుడు అతని తప్పు తేలికపడుతుంది. అక్కడ ‘లొంగాడు’ అనే రాయాలి.