‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎక్కడ? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మే నెలలో మొక్కజొన్న కళ్ళంలో ఆరబోశాను. ‘విజయనగరం జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అని రేడియోలో విని, కూలీలను పిలిచి, గింజలన్నీ కుప్ప చేయించి బరకాలు కప్పించాను. మా ఊళ్ళో చినుకు పడలేదు. నాలుగు కిలోమీటర్ల దూరంలోని మా వియ్యంకుల ఊళ్ళో మాత్రం గెడ్డ పొంగింది. ఇటువంటి సూచనలను నమ్మి కూలి ఖర్చు పెట్టుకోవడం ఎందుకండీ?
– ఒక రైతు, చీపురుపల్లి మండలం

జవాబు: కూలి డబ్బులు పోయాయన్న మీ బాధ న్యాయమైనదే. అయితే మీరు చెప్పిన దాన్ని బట్టే ఆ రోజు సూచన తప్పలేదు. ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాటను మనం వాడుక అర్థంలో వింటాం, వాతావరణ శాఖ దాన్ని లెక్క ప్రకారం వాడుతుంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం వరకు వాన నమోదవుతుందనుకుంటే ‘ఒకటి రెండు చోట్ల’ అనీ, 26 నుంచి 50 శాతమైతే ‘కొన్ని చోట్ల’ అనీ, 51 నుంచి 75 శాతమైతే ‘చాలా చోట్ల’ అనీ, అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’ అనీ చెబుతుంది. అంటే ఎక్కువ ఊళ్ళకు ఆ వాన రాదన్న సంగతి కూడా మీరు విన్న వాక్యంలోనే ఉంది. ఈ లెక్కను విడమరచి చెప్పకుండా మాటను మాత్రమే చదివి వినిపించడం వల్లే రైతుకు నష్టం జరుగుతోందని నా అభిప్రాయం.

‘భారీ’ అన్న మాటకూ కొలత ఉంది. ఒక రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే అది భారీ వర్షం, 204.4 వరకు అతి భారీ. ఆ పైన అత్యంత భారీ. మిల్లీమీటరు అంటే ఎంతో కంటికి కనిపించాలంటే, పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బాను డాబా మీద, చెట్టు నీడ పడని చోట ఉంచి, పొద్దున్నే స్కేలు నిలబెట్టి చూడండి. మా ఇంట్లో పిల్లలు పాలడబ్బాతో రోజూ కొలుస్తారు. అందులో ఒక మిల్లీమీటరు నీరు నిలిచిందంటే ఎకరం పొలం మీద సుమారు నాలుగు వేల లీటర్లు పడ్డట్టు. ఈ లెక్కన భారీ వర్షం కనీస కొలతకే ఎకరానికి రెండున్నర లక్షల లీటర్లు దాటుతుంది. గెడ్డ పొంగిందంటే పొంగదా మరి!

ఇక ఒక ఊరిని వదిలి పక్క ఊరిని ముంచడం వేసవి వానకు సహజం. పగలంతా కాగిన నేల మీద పడమటి నుంచి వచ్చే పొడిగాలీ, మధ్యాహ్నం తర్వాత సముద్రం మీదుగా వచ్చే తేమగాలీ కలిసినచోట, కొండల వాలు కూడా తోడైతే, గాలి నిటారుగా పైకి లేచి మేఘం కడుతుంది. అటువంటి మేఘం కొద్ది కిలోమీటర్ల మేర పరచుకుని, గంట లోపే కురిసి ఖాళీ అవుతుంది. ఉదయం వేళ అది ఏ ఊరి మీద కడుతుందో చెప్పడం సాధ్యం కాదు. అందుకే ఇటువంటి రోజుల్లో ఉదయపు సూచన విని బరకాలు, తాళ్ళు కళ్ళం దగ్గరకు చేర్చుకోండి. గింజలను పలచగా, దూరంగా పరచకండి. కుప్ప చేయించడం మాత్రం, విశాఖపట్నం రాడార్ సాయంతో రాబోయే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచనలో మీ ప్రాంతం పేరు వచ్చాక మొదలుపెట్టండి.

ప్రశ్న: తుపాను సమయంలో కళింగపట్నం ఓడరేవులో 8వ నంబరు ప్రమాద సూచిక ఎగరేసి, తర్వాత 10 చేస్తే తుపాను బలపడినట్టేనా?
– ఒక కొబ్బరి రైతు, కవిటి

జవాబు: కాదు. 8, 9, 10 మూడూ తీవ్రమైన తుపానుకే వాడతారు. అది ఓడరేవును తన ఎడమవైపు ఉంచి తీరం దాటితే 8, కుడివైపు ఉంచి దాటితే 9, ఓడరేవు మీదుగానో అతి సమీపంగానో దాటితే 10. అంతకంటే తక్కువ బలమున్న తుపానుకు ఇదే వరుసలో 5, 6, 7 వాడతారు. ఇక 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. మన తీరంలో సాధారణంగా తుపాను దారికి కుడి పక్కన, అంటే ఉత్తరంగా ఉన్న ఊళ్ళలో గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి తోసుకొస్తుంది, ఉప్పెన కూడా అటువైపే ఎక్కువ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పనవసరం లేదు. కాబట్టి నంబరుతో పాటు, తీరం దాటే చోటు మీ ఊరికి దక్షిణాన ఉందా, ఉత్తరాన ఉందా అన్నది తప్పక చూడండి.

ప్రశ్న: ‘దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన’ అని మా నాయనమ్మ అంటుంది. నిజమేనా?
– ఒక విద్యార్థిని, పొందూరు

జవాబు: చాలావరకు నిజమే. చంద్రుడి చుట్టూ కనిపించే వెలుగు వలయాన్నే గుడి అంటారు. చంద్రుడికి దూరంగా కట్టే పెద్ద వరదగుడి, ఎంతో ఎత్తున ఉండే పలచని మేఘంలోని మంచు స్ఫటికాల వల్ల ఏర్పడుతుంది. అల్పపీడనం వచ్చే ముందు అటువంటి మేఘాలు తరచుగా కమ్ముతాయి. చంద్రుణ్ణి అంటుకున్నట్టుండే చిన్న గుడి నీటి తుంపరలున్న పలచని మేఘం వల్ల వస్తుంది, దానికి వాన రాకతో అంత సంబంధం లేదు. నాయనమ్మగారి మాట ఒక పుస్తకంలో రాసుకుని, గుడి కట్టిన ప్రతిసారీ తర్వాతి రెండు రోజులు ఏం జరిగిందో పక్కన గుర్తు పెట్టు.

ప్రశ్న: పిడుగు ఎంత దూరంలో పడిందో తెలుసుకునే వీలుందా?
– ఒక గొర్రెల కాపరి తరఫున, బొబ్బిలి

జవాబు: ఉంది. మెరుపు వెంటనే కనిపిస్తుంది, ఉరుము కిలోమీటరుకు సుమారు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వినిపిస్తుంది. మెరిసిన దగ్గర నుంచి లెక్కపెట్టి, వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు తెలుస్తాయి. అయితే దూరం తెలిసింది కదా అని ఆగవద్దని ఆయనకు చెప్పండి. ఉరుము వినిపించిందంటేనే పిడుగు అందుకునే దూరంలో ఉన్నట్టు. తాటిచెట్టు కిందికీ, చింతచెట్టు కిందికీ వెళ్ళకూడదు. మంద దగ్గర గుంపుగా నిలబడకూడదు. పక్కా ఇల్లు అందుబాటులో ఉంటే వెంటనే అక్కడికి చేరుకుని, చివరి ఉరుము వినిపించాక అరగంట గడిచే దాకా లోపలే ఉండాలి.